గోపాల్ చదవని చదువు

గోపాల్ పోయిన పదకొండో నెలలో, ఒక మంగళవారం పొద్దున బాలమల్లు ఓంప్రకాశ్ అయ్యగారి ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఓంప్రకాశ్ గారు మంచిర్యాలలో మా లూథరన్ సంఘానికి పాస్టరు. ఆదివారం బడి పిల్లల పాఠాల విషయం మాట్లాడడానికి నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. లోపలికి రమ్మని అయ్యగారు రెండుసార్లు పిలిచినా బాలమల్లు రాలేదు. చెప్పులు విడిచి, భుజం మీది తువ్వాలను చేతిలోకి తీసుకున్నాడు.

“అయ్యగారూ, పాదిరి చదువుకు పోయే పిలగాడు ఎవలన్న ఉంటె జెప్పుండ్రి. నేను చదివిపిస్త.”

అయ్యగారు నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వస్తోందో మా ఇద్దరికీ తెలుసు.

బాలమల్లు ముప్పై ఒక్కేళ్లు బొగ్గుబావిలో పని చేసిన మనిషి. పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. మాట కూడా అంతే. వాళ్లది మూడు తరాలుగా సంఘంలో ఉన్న కుటుంబం, పేర్లు మాత్రం ఊరి పేర్లే. భార్య పోశవ్వ. వాళ్లకు గోపాల్ ఒక్కడే.

గోపాల్‌కు కొంచెం నత్తి ఉండేది. కోపం వచ్చినా భయం వేసినా మాట గొంతులో ఇరుక్కుని ముఖం ఎర్రబడేది. కానీ ఆరాధనలో బైబిలు పాఠం చదవడానికి నిలబడితే ఒక్క అక్షరం తడబడేవాడు కాదు. అదెలాగో మాకెవరికీ అర్థం కాలేదు. డిగ్రీ చదివే రోజుల్లో ఆదివారం మధ్యాహ్నాలు అయ్యగారి సైకిలు వెనక కూర్చుని గోదావరి ఒడ్డు పల్లెలకు వెళ్లేవాడు. మంచాన పడ్డ ముసలివాళ్ల పక్కన కూర్చుని వాళ్లు చెప్పిందే చెబుతుంటే విసుక్కోకుండా వినేవాడు. ఇతను పాస్టరు కావలసిన పిల్లవాడని అయ్యగారికి ముందే తెలుసు. నాకూ తెలుసు. గోపాల్‌కు అందరికంటే ముందు తెలుసు.

రెండు వేల పదకొండులో బాలమల్లు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇక పనికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చారు. అలా రాసిస్తే ఆ ఉద్యోగం కొడుక్కు వస్తుంది. మా వైపు ఇళ్లలో ఆ కాగితం కోసం దేవుళ్లకు మొక్కుకునేవాళ్లున్నారు. సరిగ్గా ఆ నెలలోనే పాస్టర్లను తయారుచేసే వేదాంత కళాశాల నుంచి గోపాల్ తెప్పించుకున్న దరఖాస్తు ఫారం వచ్చింది. అందులో తండ్రి సంతకం కావాలి.

“బాపూ, గిదొక్క దస్తఖత్ పెట్టు,” అన్నాడట గోపాల్.

“ఏందిది?”

“సెమినరీ ఫారం. సగం ఖర్చు సంఘమే పెట్టుకుంటదన్నరు.”

“నాలుగేండ్లు చదివి ఏం జేస్తవ్‌రా? అయ్యగారిని జూస్తలేవా? జీతం ఎప్పుడొస్తదో ఆయనకే ఎర్కలేదు. బాయి నౌకరి గిప్పుడు తీస్కోకపోతె మల్ల రాదు. పాదిరి పని ఎప్పుడన్న జేసుకోవచ్చు.”

“నాతోని గాదు బాపూ. గా చీకట్ల నాతోని…”

“ముప్పై ఒక్కేండ్లు నాతోని ఎట్లయింది?”

గోపాల్ మాట్లాడబోయాడు. నత్తి అడ్డం వచ్చింది. రెండుసార్లు ప్రయత్నించి ఊరుకున్నాడు. ఫారం బాలమల్లు చేతిలోనే ఉండిపోయింది. చింపడానికి మనసు రాక ఇనుప పెట్టెలో బట్టల కింద పెట్టాడు.

గోపాల్ రెండేళ్లు బావిలోకి దిగాడు. షిఫ్టు లేని ఆదివారాల్లో మాత్రమే గుడికి వచ్చేవాడు. వచ్చినా వెనక బెంచీలో కూర్చునేవాడు, పాఠం చదవమంటే వద్దనేవాడు. రెండు వేల పదమూడు ఆగస్టులో, మొదటి షిఫ్టులో, పదకొండున్నర ప్రాంతంలో అతను పని చేస్తున్న చోట కప్పు కూలింది. ముగ్గురున్నారు. ఇద్దరు బయటికి వచ్చారు. గోపాల్‌కు అప్పటికి ఇరవై నాలుగేళ్లు.

పాతిపెట్టి వచ్చిన మూడో రోజు, ఇంటినిండా జనం ఉండగానే పోశవ్వ మొగుడి ముఖంలోకి చూసి అంది: “నా కొడుకు దేవుని పనికి పోతనన్నడు. నువ్వు బాయిల దింపినవ్.”

ఒక్కసారే అంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. అన్నం పెట్టేది, నీళ్లు తోడేది, మందులు అందించేది. రోజూ తిట్టి ఉంటే తాను బతికిపోయేవాణ్నని బాలమల్లు చాలా ఏళ్ల తర్వాత నాతో అన్నాడు.

కొడుకు పోయినందుకు వచ్చిన సొమ్ము బ్యాంకులో పడింది. దాన్ని ఇద్దరూ ముట్టుకోలేదు. అదీ బాలమల్లు ఆ మంగళవారం అయ్యగారి గుమ్మంలో నిలబడడం వెనక ఉన్న సంగతి.

“కాలేజీల ఒక నిధి ఉన్నది బాలమల్లూ,” అన్నారు అయ్యగారు నెమ్మదిగా. “పేద పిల్లల చదువు కోసమే. దాంట్ల వెయ్యి. ఎవరికి పోయిందో నీకు తెల్వదు, ఎవరిచ్చిండ్రో వాళ్లకు తెల్వదు. నా మాట విను, అదే మంచిది.”

“వద్దయ్యగారూ. నేను కండ్లతోని జూడాలె. ఒక్క పిలగాడు గావాలె నాకు.”

కొడుకును పోగొట్టుకున్న మనిషితో వాదించడం ఎవరివల్ల అవుతుంది?

మూడేళ్లు ఎవరూ దొరకలేదు. పాస్టరు చదువుకు ముందుకొచ్చే పిల్లలే తక్కువ. వచ్చినా ఇంట్లోవాళ్లు ఆపేస్తారు, అచ్చం బాలమల్లు ఆపినట్టే. రెండు వేల పదిహేడులో ఉట్నూర్ నుంచి అరుణ్‌కుమార్ అనే కుర్రవాడి కబురు వచ్చింది. తండ్రి జీపు నడిపేవాడు, విషజ్వరంతో పోయాడు. తల్లి గంగుబాయి ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. అరుణ్ డిగ్రీ అయ్యాక తండ్రి జీపే నడుపుతూ, అడవి పల్లెల జనాన్ని సంతకు తెచ్చి దింపుతూ, వాళ్ల దగ్గర గోండి మాట నేర్చుకున్నాడు. గోండి మాట్లాడే పాస్టరు ఆ వైపు ఒక్కడూ లేడు.

జూన్ మొదటి వారంలో తల్లీకొడుకులు బస్సులో మంచిర్యాల వచ్చారు. బాలమల్లు ఇంట్లోనే భోజనాలు. గంగుబాయి పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దులో. గోచీ పెట్టి చీర కట్టి, అన్నను దాదా అనే మనిషి, ఏదైనా మొహం మీదే అడిగేస్తుంది.

“దాదా, మా అరుణ్‌ల ఏం జూసి ఇస్తున్నవ్? మేము నీకు చుట్టం గాదు, పక్కం గాదు.”

“దేవుని పని గదమ్మా,” అన్నాడు బాలమల్లు.

“గంతేనా?”

“గంతే.”

ఆమె నమ్మలేదని ముఖంలో తెలుస్తూనే ఉంది. కానీ అరుణ్ చేతులు జోడించి, “మీ మేలు మర్చిపోను కాకా,” అన్నాడు. వాళ్ల వైపు చిన్నాన్నను కాకా అని, ఆయన భార్యను కాకీ అని పిలుస్తారు. బాలమల్లు అతని తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. పోశవ్వ వడ్డన ముగించి పెరట్లోకి వెళ్లిపోయింది. వాళ్లు బస్టాండుకు బయలుదేరేదాకా మళ్లీ రాలేదు.

మొదటి ఏడాది అంతా బాగానే జరిగినట్టు మాకు కనిపించింది. బాలమల్లు నడకలో జోరు వచ్చింది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీద కూర్చుని అరుణ్‌కు ఫోన్ చేసేవాడు. ఏం తిన్నావు, ఏం చదివావు, పరీక్షలు ఎట్లా రాశావు. సెలవులకు అరుణ్ ముందు మంచిర్యాలలో దిగాలి, తర్వాతే ఉట్నూర్. దిగినప్పుడల్లా గుడికి తీసుకొచ్చి, “మా పిలగాడు,” అని అందరికీ పరిచయం చేసేవాడు. అరుణ్ నవ్వేవాడు. ఆ నవ్వు సన్నబడుతూ వచ్చిందని నేను ఆలస్యంగా గమనించాను.

రెండో ఏడు బాలమల్లు చెప్పాపెట్టకుండా రైలెక్కి కాలేజీకి వెళ్లాడు. తెల్లవారి దిగి, అడుగుతూ అడుగుతూ చేరి, క్లాసు గది బయట వరండాలో కూర్చున్నాడట. అరుణ్ బయటికి వచ్చి చూసి నిలబడిపోయాడు. పక్కనున్న పిల్లలు, “మీ నాయినా?” అని అడిగారు. బాలమల్లు అవునన్నట్టు తలూపాడు. అరుణ్ మాత్రం, “మా కాక,” అన్నాడు. తిరిగొచ్చాక బాలమల్లు నాతో అన్నాడు: “బాపూ అని ఒక్కపారి అంటె ఏం బోతది సార్?”

నాకు జవాబు చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఆ తప్పు నాది.

ఇంకొకటి కూడా ఉంది. చదువయ్యాక అరుణ్ మంచిర్యాల సంఘానికే రావాలని బాలమల్లు మనసులో ఖాయం చేసుకున్నాడు. అరుణ్ మనసు మాత్రం జీపు కూడా వెళ్లని పల్లెల్లో ఉంది. ఆ సంగతి ఎత్తితే బాలమల్లు వినిపించనట్టు వేరే మాట మాట్లాడేవాడు.

రెండు వేల పంతొమ్మిది ఆగస్టులో గోపాల్ పోయిన రోజుకు ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నారు. అరుణ్ అప్పటికి మూడో ఏడులో ఉన్నాడు. వాక్యం చెప్పడానికి అతన్నే పిలిపించాడు బాలమల్లు. మేము పదిమందిమి చాపల మీద కూర్చున్నాం. అరుణ్ బస్సు దిగి నేరుగా వచ్చాడు. వానలో తడిసి ఉన్నాడు. బాలమల్లు లోపలికి వెళ్లి ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ తెచ్చి, “గిది తొడుక్కో,” అన్నాడు. తడిసినవాడికి పొడిబట్ట ఇస్తున్నాడనే అనుకున్నాం. అరుణ్ కూడా అలాగే అనుకుని తొడుక్కుని వచ్చాడు.

వంటింటి గుమ్మంలో పోశవ్వ చేతిలో నీళ్ల చెంబుతో ఆగిపోయింది.

“ఇడువు,” అంది. గొంతు పెద్దది కాదు. “గా అంగి ఇడువు బిడ్డా. నా కొడుకుది.”

అరుణ్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గబగబా గుండీలు తీశాడు. అంగీ మడిచి ఆమె చేతికిచ్చి, తడి బట్టలు మళ్లీ వేసుకుని, బాలమల్లు ముందుకొచ్చి నిలబడ్డాడు.

“కాకా, మీరు నన్ను చదివిపిస్తుండ్రు. సచ్చేదాక యాది పెట్టుకుంట. కని నేను గోపాల్‌ను గాను. పుస్తకం తెరిస్తె ఆయనే, పడుకుంటె ఆయనే. నేను చదివేది నాకోసమా, ఆయనకోసమా సమజైతలేదు. నాతోని గాదు కాకా.”

నాతోని గాదు. సరిగ్గా ఆ మాటే. బాలమల్లు ముఖం నల్లబడింది. ఆ మాట అతన్ని ఎక్కడ తాకిందో అప్పటికి గదిలో ఎవరికీ తెలియదు.

“నాతోని గాదంటవా?” అంటూ లేచాడు. “నువ్వు ఎవల పైసలతోని చదువుతున్నవో ఎర్కేనా? నా కొడుకు పాణం బోతె వచ్చిన పైసలురా అవి! నువ్వు తినే ప్రతి మెతుకు గా బొగ్గుల నుంచి వచ్చింది!”

ఓంప్రకాశ్ అయ్యగారు బాలమల్లు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయారు. అరుణ్ ముఖంలో రక్తం లేదు. గోపాల్ ఎట్లా పోయాడో అతనికి తెలుసు గానీ, ఆ డబ్బు ఇదని ఎవరూ చెప్పలేదు. సంచీ భుజాన వేసుకున్నాడు. “ముందుగాల జెప్తె నేను ముట్టుకోకపోదును కాకా,” అన్నాడు. అంతే. వానలోనే వెళ్లిపోయాడు.

కాలేజీకి మాత్రం తిరిగి వెళ్లలేదు. ఉట్నూర్ పోయి మళ్లీ జీపెక్కాడు. మూడు వారాల తర్వాత కాలేజీ నుంచి అయ్యగారికి ఉత్తరం వచ్చింది: విద్యార్థి రాలేదు, కారణం తెలియదు.

అయ్యగారు ఆ ఉత్తరం చదివి వినిపించినప్పుడు బాలమల్లు గుడి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ కాగితం వైపే చూస్తూ అన్నాడు: “రెండోపారి. రెండోపారి గూడ నేనే ఆపిన.”

ఉట్నూర్ వెళతానంటే నేనూ తోడు వెళ్లాను. అతనికి అప్పటికే నాలుగడుగులేస్తే ఆయాసం. లక్సెట్టిపేట, జన్నారం దాటాక అడవి మొదలవుతుంది. గంగుబాయి ఇంటి ముందు బియ్యం చెరుగుతూ ఉంది. మమ్మల్ని చూసి లేచి నీళ్లిచ్చింది. కూర్చోమనలేదు.

“నేను ఆ పొద్దే అడిగిన దాదా, ఎందుకు ఇస్తున్నవని,” అంది. “గప్పుడు జెప్పాల్సింది గద. పోరడు నెల రోజుల సంది సరిగ తింటలేడు.”

అరుణ్ జీపుల అడ్డా దగ్గర ఉంటాడని ఆమె చెప్పింది.

అడ్డాలో అరుణ్ జీపు నిండింది, బయలుదేరబోతోంది. మమ్మల్ని చూసి ఇంజను ఆపలేదు, పొమ్మనలేదు. ముందు సీట్లో ఇద్దరికి చోటు ఇరికించాడు. వెనక సంత సామానుతో పన్నెండు మంది. సగం దారి గతుకుల్లో గడిచింది. ఒక పల్లె దగ్గర జనం దిగి జీపు ఖాళీ అయ్యాక, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్న అరుణ్‌తో, ముందు అద్దంలోకి చూస్తూ బాలమల్లు చెప్పాడు.

“నా కొడుకు గూడ నాతోని గాదన్నడు. ఫారం తెచ్చి దస్తఖత్ పెట్టుమన్నడు. పెట్టలే. గది అందరికి ఎర్కనే. ఇంకోటి ఎవలకు ఎర్కలేదు. సచ్చిపోయే ఏడు, ఫిబ్రవరిల, షిఫ్టు నుంచి వచ్చి మల్ల అడిగిండు. నౌకరి ఇడిచిపెడ్త, జూన్‌ల చదువుకు పోత అన్నడు. ఇంటి స్లాబు ఏసుడున్నది, ఒక్క ఏడాది ఆగు అన్న. ఆగిండు. ఆరు నెలలు ఆగిండు.”

ఇన్నేళ్లుగా అతన్ని ఎరిగినవాణ్ని, నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది. అరుణ్ అతని వైపు తిరిగాడు.

“పోశవ్వ కాకికి ఎర్కేనా?”

“ఎర్కలేదు.”

“జెప్పుండ్రి కాకా. నాకెందుకు జెప్తుండ్రు?”

“జెప్త. నువ్వు మాత్రం చదువు ఇడువకు. నేను ఇగ ఫోన్ జెయ్య. రాను. పిలువ. నువ్వు ఏ ఊరికి పోయి పాదిరి పని జేసినా నాకు సంబంధం లేదు.”

అరుణ్ జీపును ఉట్నూర్ వైపు తిప్పాడు. “నాకు ఇప్పుడేం ఎర్కైతలేదు. జర టైం గావాలె,” అన్నాడు చివరికి. మమ్మల్ని బస్టాండులో దింపాడు. కిరాయి ఇవ్వబోతే తీసుకోలేదు, కానీ నవ్వనూ లేదు.

ఇంటికి చేరిన మర్నాడే బాలమల్లు పోశవ్వకు ఫిబ్రవరి సంగతి చెప్పాడు. ఆమె వింటూ చేట పక్కన పెట్టిందట. ఏడవలేదు. రెండు రోజులు వంట కూడా చెయ్యలేదు, పక్కింటివాళ్లు అన్నం పంపించారు. మూడో రోజు పొయ్యి వెలిగించి, మొగుడి ముందు కంచం పెట్టి అంది:

“గా పోరనికి నువ్వు ఇచ్చినట్టు లేకుండె. కొనుక్కున్నట్టుండె. మిగిలింది ఆ కాలేజీల ఏసెయ్యి. పేరు గూడ వద్దు.”

ఆరేళ్లలో ఆమె అంత పొడుగు మాట అతనితో మాట్లాడడం అదే మొదలని బాలమల్లు నాకు చెప్పాడు. ఉత్తరం నేనే రాశాను. ఎవరి చదువుకైనా వాడండి, మాకు తెలియజేయవద్దు. కింద పోశవ్వ వేలిముద్ర, పక్కన బాలమల్లు సంతకం. సంతకం పెట్టేటప్పుడు అతని చెయ్యి కాగితం మీద ఆగింది. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

తర్వాతి ఏడు కరోనా వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి. బాలమల్లుకు అది సోకలేదు గానీ, దగ్గు వచ్చినప్పుడల్లా అందరూ దూరం జరిగేవారు. దాంతో గుడికి రావడం మానేశాడు. అప్పటి నుంచి మంచమే. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టించుకున్నాడు. రోజంతా అది గుర్రుమంటూ ఉండేది. కరెంటు పోతే పోశవ్వ విసనకర్రతో కూర్చునేది.

రెండు వేల ఇరవై ఒకటిలో అరుణ్ తిరిగి చదువులో చేరాడని అయ్యగారు చెప్పారు. తానే కాలేజీకి రాసుకున్నాడట. ఏ ఒక్క మనిషి దగ్గరా తీసుకోను, నిధి నుంచి ఇస్తే వస్తానని. ఆ నిధిలో ఎందరి డబ్బులో ఉంటాయి. బాలమల్లు డబ్బు అతనికే అందిందో, ఇంకెవరికో పోయిందో ఎవరూ చెప్పలేరు. బాలమల్లు కూడా అడగలేదు. అడగాలని పెదవి దాకా వచ్చి ఆగడం నేను రెండు మూడుసార్లు చూశాను.

రెండు వేల ఇరవై నాలుగు ఫిబ్రవరిలో ఉట్నూర్‌లో పాస్టరుగా అరుణ్ అభిషేకం. ఇంటింటికీ పంపినట్టే వాళ్లకూ కార్డు వచ్చింది. బాలమల్లు దాన్ని దిండు కింద పెట్టుకున్నాడు. మూడు గంటల అడవి దారి అతనివల్ల అయ్యేది కాదు. అయినా వెళ్లేవాడేమో, కానీ రానని మాట ఇచ్చాడు కదా.

“నువ్వు పో,” అన్నాడు పోశవ్వతో. “నేను మాటిచ్చిన. నువ్వియ్యలే గద.”

సంఘంవాళ్లం తూఫాన్ బండి మాట్లాడుకుని వెళ్లాం. పోశవ్వ నా పక్కన కూర్చుంది. అభిషేకం రేకుల షెడ్డు కింద జరిగింది, లోపల పట్టక జనం బయట ఎండలో నిలబడ్డారు. అంగీ మీద తెల్ల వస్త్రం వేసి, పెద్ద పాస్టర్లు చుట్టూ చేరి తల మీద చేతులుంచినప్పుడు అరుణ్ కళ్లు మూసుకున్నాడు. గంగుబాయి ముందు వరసలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అరుణ్ ప్రసంగంలో చాలామందికి కృతజ్ఞత చెప్పాడు. తల్లికి, ఉట్నూర్ సంఘానికి, కాలేజీకి, తనకు తెలియని దాతలకు. బాలమల్లు పేరు చెప్పలేదు. తర్వాత పోశవ్వ దగ్గరికొచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు. “తిన్నవా కాకీ?” అన్నాడు. ఆమె తిన్నానంది. జనం అతన్ని అటు లాక్కుపోయారు.

పొద్దు వాలే వేళకు ఇల్లు చేరాం. ఆమెను దింపడానికి నేను లోపలిదాకా వెళ్లాను. బాలమల్లు గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముక్కుకు గొట్టం. మమ్మల్నే చూస్తున్నాడు.

“ఎట్లున్నడు?”

“మంచిగున్నడు. జర సన్నబడ్డడు.”

“నన్నడిగిండా?”

అడిగాడని చెప్పడానికి నేను నోరు తెరిచాను. పోశవ్వ నాకంటే ముందే మాట్లాడింది.

“అడగలే.”

బాలమల్లు తలూపాడు. ముక్కు దగ్గరి గొట్టం సర్దుకుని, “గోండిల జెప్పిండా?” అన్నాడు.

“సగం గోండిల, సగం మన మాటల. గోండిది నాకు సమజ్ గాలే. ముందట కూసున్న ముసలోళ్లు మాత్రం తలకాయలూపిండ్రు.”

“ఏం జెప్పిండు? మన మాటల జెప్పింది జెప్పు.”

పోశవ్వ చెప్పులు కూడా విడవకుండా మంచం పట్టె మీద కూర్చుంది. పొద్దున బండి ఎక్కింది మొదలు చెప్పుకుంటూ పోయింది. నేను తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

ఆ జూలైలో బాలమల్లు పోయాడు. అరుణ్‌కు కబురు పంపాం. అప్పుడు అతను ఉట్నూర్‌కు అవతల ఏదో పల్లెలో ఉన్నాడు, వాగులు పొంగి దారి తెగింది. సమాధి అయిన మూడో రోజున వచ్చాడు. మోకాళ్లదాకా బురద. పోశవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. అతను కింద మెట్టు మీద కూర్చున్నాడు. చీకటి పడే ముందు ఆఖరు బస్సు ఉందని నేనే గుర్తు చేశాను. లేచి, ఆమె కాళ్లకు మొక్కి, బస్టాండు వైపు నడిచాడు.

పోశవ్వ ఇప్పుడు ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. మిషను ఆగిపోయాక ఇంట్లో చప్పుడు లేక నిద్ర పడతలేదని ఈ మధ్య నాతో అంది.